రాజమండ్రి మీదుగా పోయే 17 డిగ్రీల గీత పట్టుకుని తిన్నగా వెళ్తే ఎక్కడ తేలతాం?

గట్టుమీద గోపీ:

అందరికీ నమస్కారం. ఇది పందెం వ్యవహారం, కాస్త సాయం చెయ్యండి. నేను రోజూ పొద్దున్నే గోదావరి గట్టున నడకకి వెళ్తాను. మొన్న ఫోన్లో మ్యాప్ తెరిచి చూస్తే అక్షాంశం 16.9991 అని ఉంది. ఉత్తరం వైపు నడుస్తున్నకొద్దీ ఆ చివరి అంకెలు పెరుగుతున్నాయి. ఇంకో వంద మీటర్లు నడిచి ఓ టీ బండి దగ్గరకొచ్చేసరికి 17.0000 పడింది. బల్ల మీద కూర్చుని చూస్తే మళ్ళీ 16.9999, ఇంకాసేపటికి 17.0001. నేను కదలట్లేదు, అంకె మాత్రం కదులుతోంది. టీ బండాయన "ఏమండీ, ఏమైనా పోయిందా" అని అడిగాడు. మీ బండి కింద నుంచి భూమి చుట్టూ ఓ గీత పోతోందండీ అన్నాను. ఆయన మొహం మాడిపోయి "రోడ్డు వెడల్పు చేస్తారా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఇది చెప్తే మా బావమరిది పట్టుకున్నాడు. ఒకే అక్షాంశం మీదున్న ఊళ్ళన్నిటికీ ఎండ ఒకేలా పడుతుంది కాబట్టి వాతావరణం కూడా ఒకేలా ఉంటుందని వాడి వాదన. అలా ఎలా ఉంటుందిరా అన్నాను గానీ ఎందుకుండదో చెప్పలేకపోయాను. పందెం ఆత్రేయపురం పూతరేకులు, ఒక పెట్టె. ఈ గీత ఏయే దేశాల మీదుగా పోతుంది, దాని మీద ఎవరైనా ఎక్కడైనా ఉన్నారా, చెప్పండి.

పాత సోషల్ మాస్టారు:

గోపీ గారూ, మీ బావమరిది ఓడిపోయాడు, పూతరేకులు ఆర్డర్ పెట్టించండి. రుజువుకి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. గోదావరి దాటి కొవ్వూరు మీదుగా పడమటికి వెళ్ళండి. కోదాడ, నల్గొండకి కొంచెం కిందగా, కర్ణాటకలో వాడి జంక్షన్‌కి కాస్త దిగువన, తర్వాత మహారాష్ట్రలో జత్ అనే ఊరి దగ్గర్లోంచి, సహ్యాద్రి దిగి రత్నగిరి. జత్‌కీ రత్నగిరికీ మధ్య గీత వెంబడి 200 కి.మీ. అటూ ఇటూ, అంతే. రత్నగిరిలో ఏడాదికి 3000 మి.మీ. పైన వాన పడుతుంది, జత్‌లో 600 పడితే రైతు అదృష్టం. ఎండ ఒకటే, గీత ఒకటే, మధ్యలో అడ్డంగా కొండలున్నాయి. నైరుతి గాలి తెచ్చిన తడంతా కొండకి అటువైపే పిండేసుకుని ఖాళీ చేతుల్తో ఇటు దిగుతుంది.

అయితే మీవాడు పూర్తిగా తప్పూ కాదు. అక్షాంశం ఒకటైతే పైన ఆకాశం ఒకటే. 17 డిగ్రీల మీద ఎక్కడున్నా మే 8 దగ్గర ఒకసారి, ఆగస్టు 5 దగ్గర ఒకసారి సూర్యుడు నడినెత్తిన నిలబడతాడు, ఆ పూట మిట్టమధ్యాహ్నం కరెంటు స్తంభానికి నీడ ఉండదు. జూన్‌లో పెద్ద పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్లో చిన్న పగలు 11 గంటల పైచిలుకు. ధ్రువ నక్షత్రం క్షితిజానికి 17 డిగ్రీల ఎత్తున కనపడుతుంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, కాబట్టి ఉత్తరం వైపు తిరిగి పిడికిలి మీద ఇంకో ముప్పావు పిడికిలి పెట్టండి, అక్కడుంటుంది చుక్క. మరీ వెలుగుగా ఏమీ ఉండదు, వెతుక్కోవాలి.

ఇక గీత సంగతి. చుట్టుకొలత 38,300 కి.మీ. పైచిలుకు, భూమధ్యరేఖ కంటే 1,700 తక్కువ. దేశాలు నేను అట్లాసు ముందేసుకుని లెక్కపెడితే మనతో కలిపి 20 వచ్చాయి. రత్నగిరి దగ్గర అరేబియా సముద్రంలో దిగితే 2000 కి.మీ. దాకా కాలు పెట్టడానికి చోటు లేదు, ఆ తర్వాత ఒమాన్ తీరం. యెమెన్‌లో సాదా ఊరి పక్కగా, సౌదీలో జిజాన్‌కి కాస్త పైగా పోయి ఎర్ర సముద్రం దాటి ఎరిత్రియా, అక్కడి నుంచి సూడాన్.

సూడాన్‌లో కాసేపు ఆగాలి. పిరమిడ్లు అనగానే ఈజిప్టు అనేస్తాం గానీ, గీతకి ఏడు కి.మీ. దక్షిణాన నైలు ఒడ్డున మెరోయి ఉంది. కుష్ రాజ్యపు రాజులవీ రాణులవీ సమాధులు, ఆ చుట్టుపక్కల రెండొందలకి పైగా పిరమిడ్లున్నాయి. ఈజిప్టు వాటిలా వెడల్పుగా కూర్చోవు, సన్నగా నిట్టనిలువుగా లేస్తాయి. అది దాటి చాద్‌లో ఎన్నెడి పీఠభూమి. అంతా రాయీ ఇసుకే, కానీ ఒక లోయలో గెల్తా దార్షే అని మడుగుంది, అందులో మొసళ్ళున్నాయి! ఒకప్పుడు సహారా పచ్చగా ఉన్నప్పటివి, చుట్టూ ఎడారి కమ్ముకుంటే ఇవి నీటి గుంటలో చిక్కుకుపోయాయి. ఒంటెల మందలు వచ్చి అదే నీళ్ళు తాగిపోతుంటాయి. తర్వాత నైజర్‌లో అగాదెజ్. ఈ ఊరు దాదాపు గీత మీదే. 1515 నాటి మసీదు, మట్టితో కట్టిన 27 మీటర్ల మినార్, దాన్నిండా కర్రలు ముళ్ళపందిలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గోడలకి మట్టి మెత్తేవాళ్ళు ఎక్కడానికి అవే మెట్లు. ఆ ఊళ్ళో ఏడాది మొత్తానికి 200 మి.మీ. వాన కూడా పడదు, రాజమండ్రిలో వెయ్యి దాటుతుంది. మీ బావమరిదికి ఇదొక్కటి చెప్పినా చాలు.

ఎందుకంటారా, రుతుపవనం మనకి వచ్చినట్టు వాళ్ళకి రాదు. మన చుట్టూ మూడు వైపులా సముద్రం, పైన హిమాలయాలు, టిబెట్ వేడెక్కి గాలిని లోపలికి లాగుతాయి. వాళ్ళకి ఎటు చూసినా వేల కి.మీ. నేలే, గినియా తీరం నుంచి బయలుదేరిన తడిగాలి అక్కడికి చేరేసరికి ఆయాసపడిపోతుంది. ఆ ప్రాంతానికి సహేల్ అని పేరు, అరబ్బీలో ఒడ్డు అని అర్థం. ఇసుక సముద్రానికి ఒడ్డన్నమాట.

మాలి, మౌరితానియా అయ్యాక అట్లాంటిక్. అందులో కేప్ వెర్దె వాళ్ళ సాంతో అంతావ్ దీవి, ఆపైన ఆంటిగ్వా దక్షిణపు కొస, బెలీజ్, గ్వాటెమాల అడవి, మెక్సికో. మిగతాది వేరేవాళ్ళు చెప్తారేమో, నాకు టైప్ చేసి చేతులు నొప్పెడుతున్నాయి.

కోదాడ పోరడు:

మాస్టారూ, మా కోదాడ పేరు చెప్పినందుకు థాంక్స్. హైదరాబాద్ విజయవాడ హైవే మీద బిర్యానీకి ఆగేటోళ్ళు అందరూ గీత దాటినట్టే లెక్క, ఎవ్వరికీ తెల్వదు. టోల్ పెట్టలేదు ఇంకా.

సలాలా సూరి:

ఈ ప్రశ్న చూసి లాగిన్ అయ్యాను, పాస్‌వర్డ్ కూడా మర్చిపోయాను. నేను తొమ్మిదేళ్ళు సలాలాలో ఉన్నాను, ఒమాన్‌లో, 17.01. మాది తుని దగ్గర. గల్ఫ్ అంటే ఇంట్లోవాళ్ళకి ఇసుకే కదా, మా అమ్మ మొదటిసారి ఫోన్లో ఎండలకి జాగ్రత్త నాన్నా అంటోంది, నేనేమో అప్పుడు స్వెట్టర్ కోసం వెతుక్కుంటున్నాను. జులై నెల అది.

అక్కడ ఖరీఫ్ అంటారు, మన ఖరీఫే అనుకోండి, అదే అరబ్బీ మాట మనకీ వచ్చింది. కాకపోతే వాళ్ళకది పంట కాదు, కాలం. జూన్ చివర్నుంచి సెప్టెంబర్ దాకా. మన దేశానికి వానలు తెచ్చే నైరుతి గాలే ఒక పక్కగా వాళ్ళ కొండల్ని రాసుకుంటూ పోతుంది. ఆ గాలికి తీరంలో అడుగునున్న చల్లని నీళ్ళు పైకి తేలతాయి, దానిమీద గాలి పొగమంచైపోయి కొండలకి పట్టుకుంటుంది. మనలాగా ధబధబా పడే వాన కాదు, రోజంతా సన్నటి తుంపర. మస్కట్లో 40 దాటి కాల్చేస్తుంటే ఇక్కడ 25, 26. తీగ మీద ఆరేసిన చొక్కా మూడో రోజుకీ ఆరదు, బూజు వాసన. కొండలు అచ్చం అరకులా పచ్చగా అయిపోతాయి. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు, అరటి గెలలు, బొప్పాయిలు వేలాడదీసిన కొట్లు వరసగా ఉంటాయి. మొదటిసారి చూసి కోనసీమకి వచ్చామా అనుకున్నాను.

గొడవల్లా డ్రైవింగే. కొండ మీద పొగమంచులో పది అడుగుల ముందు ఏముందో తెలీదు, వైపర్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి ముందు లారీ ఆగిందనుకుని హారన్ కొట్టి కొట్టి చివరికి దిగి వెళ్తే ఒంటె. రోడ్డు మధ్యలో నిలబడి నమిలేస్తోంది. అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తు.

అదే కొండ ఎక్కి అటువైపు దిగండి, అరగంటలో మంచు లేదు, పచ్చదనం లేదు, రాళ్ళు. లుబాన్ చెట్లు ఆ ఎండు వైపునే ఉంటాయి, మన సాంబ్రాణి లాంటి బంక, బెరడు మీద గాటు పెడితే పాలలా కారి గడ్డకడుతుంది. వేల ఏళ్ళుగా వాళ్ళ వ్యాపారం అదే. కాబట్టి గోపీ గారూ, మాస్టారు చెప్పిన జత్, రత్నగిరి కథ ఇక్కడ అరగంట డ్రైవ్‌లో చూపిస్తాను, మీ బావమరిదిని పంపండి.

ఉప్పాడ రోడ్డు:

అందరూ పడమటికే పోతున్నారు, తూర్పు సంగతి నేను చెప్తాను. గీత రాజమండ్రి నుంచి పెద్దాపురం, సామర్లకోటలకి కిందగా వచ్చి మా కాకినాడకి ఉత్తరపు అంచున, వాకలపూడి చుట్టుపక్కల సముద్రంలో దిగుతుంది. అక్కడ నిలబడి తిన్నగా తూర్పుకి పడవ వేస్తే సుమారు 1300 కి.మీ. తర్వాత బర్మా తీరం, చౌంగ్తా అనే బీచ్ దగ్గర. అక్కడి నుంచి డెల్టా మీదుగా ఇంకో 200 కి.మీ. లోపే రంగూన్, గీతకి 20 కి.మీ. దక్షిణాన.

మా నాయనమ్మ రంగూన్ అనదు, రంగం అంటుంది. "మా మావయ్య రంగం వెళ్ళాడు." మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక రంగం కథ ఉండేది. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి వేలమంది తెలుగువాళ్ళు కాకినాడ, విశాఖ నుంచి స్టీమర్లెక్కేవారు. కాకినాడ పక్కన కోరంగి పాత రేవు కదా, దాని పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. మర్యాదగా అనేవారని చెప్పలేను. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశాక డబ్బున్నవాళ్ళు ఓడ దొరకబుచ్చుకున్నారు, లేనివాళ్ళు అడవులు పట్టి నడిచొచ్చారు. మా నాయనమ్మ మావయ్య నడిచొచ్చినవాళ్ళలో ఒకడు. ఆయన తెచ్చింది ఒక లక్క డబ్బా, మూత మీద నెమలి. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నాయనమ్మ అందులో వక్కలు వేస్తుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

ఇంకో సంగతి, నాకు భలే వింతగా అనిపించేది. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్‌ని ఎక్కడికి పంపారు? రంగూన్. అక్కడే 1862లో పోయాడు. 1885లో బర్మా రాజు థీబాని గద్దె దించి ఎక్కడ పెట్టారు? మద్రాసు మీదుగా తీసుకెళ్ళి రత్నగిరిలో. 1910లో కొండ మీద సముద్రం కనపడేలా మేడ కట్టించి ఇచ్చారు, ఆరేళ్ళకి అక్కడే పోయాడు. మన రాజు అక్కడ, వాళ్ళ రాజు ఇక్కడ, ఇద్దరూ దాదాపు ఈ గీత మీదే. ఎవరూ అక్షాంశం చూసి పంపలేదులెండి, కానీ మ్యాపు మీద చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది.

హనోయి నుంచి హరి:

బర్మా తర్వాత థాయిలాండ్‌లో సుఖోథాయ్, పాత రాజధాని, 17.01. లావోస్ దాటితే వియత్నాం. ఈ గీతకి ప్రపంచంలో పేరొచ్చింది ఇక్కడే, ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నాను. 1954 జులైలో జెనీవా ఒప్పందంతో వియత్నాంని 17 డిగ్రీల దగ్గర తాత్కాలికంగా రెండు చేశారు. రెండేళ్ళలో ఎన్నికలు పెట్టి కలిపేస్తామన్నారు. ఆ ఎన్నికలు రాలేదు, యుద్ధం వచ్చింది, 1975 దాకా నడిచింది.

నేను పోయినేడు హుయే నుంచి వ్యాన్‌లో వెళ్ళాను. నిజానికి సరిహద్దు ఖచ్చితంగా గీత మీద లేదు, ఆ పక్కనే పారే బెన్ హాయి నది వెంబడి పెట్టుకున్నారు, అటు 5 ఇటు 5 కి.మీ. సైన్యం ఉండకూడదని. నది చూసి నిరాశపడ్డాను, గోదావరి చూసినవాడికి అదొక కాలవ. వంతెన మీద సగం దాకా నీలం రంగు, సగం నుంచి పసుపు. నడుస్తుంటే ఒక్క అడుగులో రంగు మారుతుంది. ఒకప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మైకులు పెట్టి తిట్టుకున్నారట, జెండా కర్ర మీది ఎత్తా మాది ఎత్తా అని పోటీలు పడి పెంచుకున్నారట. ఇప్పుడు ఒక ముసలాయన మధ్యలో కూర్చుని గాలం వేస్తున్నాడు. పసుపు వైపు కాళ్ళు, నీలం వైపు బుట్ట.

కాస్త పైకి విన్ మోక్ సొరంగాలున్నాయి, బాంబుల కింద ఊరంతా భూమిలోకి దిగి ఏళ్ళ తరబడి ఉన్నది. లోపల పురుడు పోసే గది కూడా ఉంది, మంచం పట్టేంత గుహ, ఆ చీకట్లో 17 మంది పుట్టారని గైడు చెప్పాడు. నేను ఐదడుగుల పదంగుళాలు, లోపలున్న అరగంటా వంగే నడిచాను, మూడు రోజులు నడుం పట్టేసింది.

మనకి సంబంధం ఏంటంటే, ఒప్పందం అమలు చూడ్డానికి పెట్టిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత మన దేశానిదే, కెనడా, పోలండ్ సభ్యులు. ఆ రోజుల్లో మన సైనికాధికారులు ఆ ఒడ్డున కాపలా చూశారు.

మిర్చి బజ్జీ:

రెండు ముక్కలు. వియత్నాం తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో వరి మళ్ళు, కొండకి మెట్లు చెక్కినట్టుంటాయి, గీతకి కొంచెం దక్షిణం. ఆ దీవి దాటాక పసిఫిక్. అందులో గీత మీద ఒక్క దీవి తగలదు, మెక్సికో దాకా 14,600 కి.మీ. నీళ్ళే! మొత్తం చుట్టులో మూడో వంతు కంటే ఎక్కువ. మెక్సికోలో వహాకా, 17.06. మొక్కజొన్న పుట్టిల్లు అటువైపే, మిరపకాయ కూడా మెక్సికో నుంచే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దాకా వచ్చింది. ఈ గీత మీద గోదావరి జిల్లా ఆవకాయకీ మెక్సికో పచ్చడికీ చుట్టరికం ఉంది, వాతావరణం కలవకపోయినా కారం కలిసింది.

క్రికెట్ పిచ్చి:

ఆంటిగ్వా అని ఒక్క మాటలో దాటేశారు మాస్టారు, అన్యాయం. వివ్ రిచర్డ్స్ ఊరండీ అది. 1986లో ఇంగ్లండ్ మీద 56 బంతుల్లో సెంచరీ కొట్టింది సెయింట్ జాన్స్‌లోనే, లారా 375, 400 రెండూ అదే గ్రౌండ్. ఊరు గీతకి 13 కి.మీ. పైన, సిక్సర్ పడేంత దూరం కాదు గానీ మనం సర్దుకుందాం. ఇంతకీ టింబక్టు ఈ గీత మీదే ఉందని మా పిల్లాడి పుస్తకంలో చదివాను, నిజమేనా?

పాత సోషల్ మాస్టారు:

లేదండి, టింబక్టు 16.77, అంటే 25 కి.మీ. కింద. ఒక డిగ్రీ దాదాపు 111 కి.మీ. అని గుర్తుపెట్టుకుంటే మీరే లెక్కేసుకోవచ్చు. ఆంటిగ్వా విషయంలో తప్పు ఒప్పుకుంటున్నాను.

గట్టుమీద గోపీ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. రాత్రి ఇదంతా బావమరిదికి చదివి వినిపించాను. ఒంటె దగ్గర నవ్వాడు, అగాదెజ్ దగ్గర ఆలోచనలో పడ్డాడు, జత్ రత్నగిరి దగ్గర ఫోన్ తీసి వాన లెక్కలు వాడే చూసుకుని మాట్లాడలేదు. చివరికి "ఆకాశం ఒకటేనని మాస్టారు ఒప్పుకున్నారుగా, కాబట్టి సగం గెలిచాను, సగం పెట్టె కొంటాను" అన్నాడు. సరే ఆకాశమైనా చూద్దామని ఇద్దరం మేడెక్కి పిడికిలి మీద ముప్పావు పిడికిలి పెట్టాం. మబ్బు. పైగా పక్కింటాయన వాళ్ళ మేడ మీద నుంచి చూసి, మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుని మా ఆవిడకి ఫోన్ చేశాడు.

సూరి గారూ, సలాలాకి జులైలో టికెట్టు ఎంతవుతుంది?